ఇల్లు విడిచినవారి హిజ్లీ

విహారయాత్ర అనగానే మన ఉద్యోగ మిత్రులకు తిరుపతి, కాశీ, పూరీ, ఊటీ గుర్తుకు వస్తాయి. ఎల్.టి.సి. దరఖాస్తులో గమ్యస్థానం ఎదుట హిజ్లీ అని వ్రాసినవారు మన సంస్థలో ఇంతవరకు ఉండకపోవచ్చు. అక్కడ కొండలు లేవు, సముద్రం లేదు, పేరుమోసిన దేవాలయమూ లేదు. ఎర్రమట్టి, చెట్ల నీడలు, రైలు పట్టాలు, ఒక పాత జైలు, ఆ జైలు చుట్టూ పెరిగిన ఒక పెద్ద విద్యాలయం - ఇంతే ఆ ఊరి సంపద. అయినా దానిని గురించి పాఠకులతో నాలుగు మాటలు పంచుకోవాలని మాకు అనిపించింది. ఎందుకంటే అది సుమారు నూరేళ్లుగా ఇల్లు విడిచి వచ్చిన యువకుల ఊరు. పిల్లలను దూరప్రాంతాలకు పంపిన తల్లిదండ్రులు మన కాలనీలో ప్రతి వీధిలోనూ ఉన్నారు కనుక ఈ ఊరి కథ మనకు పనికివచ్చే కథ.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌కు ఆనుకొని ఉన్నదే హిజ్లీ. హౌరాకు 115 కిలోమీటర్ల ఇవతల ఖరగ్‌పూర్ జంక్షను వస్తుంది. ఒడిశా వైపు నుండి టాటానగర్ మీదుగా ఢిల్లీకి పోయే కొన్ని బండ్లు ఖరగ్‌పూర్‌లోనికి పోకుండా హిజ్లీ స్టేషనులోనే ఆగి అటు మళ్లిపోతాయి. ఖరగ్‌పూర్ స్టేషనులోని 1072 మీటర్ల ప్లాట్‌ఫారం ఎన్నో ఏళ్లపాటు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి ఆ కీర్తిని అందుకున్నాయి. మా అబ్బాయికి అక్కడి ఐ.ఐ.టి.లో సీటు రావడంతో వాడిని చేర్చడానికి మేము దంపతులం విశాఖ నుండి బయలుదేరాము. చేర్పించే పని ఒక్కరోజులో ముగిసింది. వాడు కుదురుకునేదాకా ఉందామని మరి నాలుగు రోజులు అక్కడే ఆగిపోయాము. హిజ్లీని చూడగలిగింది ఆ నాలుగు రోజులలోనే.

ఖరగ్‌పూర్‌లో దిగిన తెలుగువాడికి మొదటి ఆశ్చర్యం భాష విషయంలోనే కలుగుతుంది. గోల్‌బజారులో కూరగాయలు బేరమాడుతుంటే పక్కనుండి శ్రీకాకుళం యాసలో తెలుగు వినబడింది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ లైన్లు వేసి, వర్కుషాపు కట్టిన కాలంలో ఉత్తరాంధ్ర నుండి వేలాదిగా జనం కూలికి, కొలువుకి తరలివచ్చారు. వారి మనుమలు, ముని మనుమలు ఇప్పటికీ ఇక్కడే ఉన్నారు. 1927లో ఈ వర్కుషాపు కార్మికులు చేసిన చరిత్రాత్మకమైన సమ్మెకు నాయకత్వం వహించినవారిలో, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వరాహగిరి వేంకటగిరిగారు ఒకరు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి ఇవ్వాలని నిర్ణయించిందంటే, దాని వెనుక ఈ రైల్వే కుటుంబాల నూరేళ్ల కాపురం ఉంది. "మాది టెక్కలి దగ్గర ఊరమ్మా, కానీ నేను ఎప్పుడూ చూడలేదు" అని ఒక ముసలమ్మ మా ఆవిడతో అన్నది. చూడని ఊరును "మాది" అనడం దూరదేశంలో ఉన్నవారికే చెల్లుతుంది.

మాకు ఆ నాలుగు రోజులూ హిజ్లీ అంతా తిప్పి చూపించినవాడు ఒక తెలుగు యువకుడు. గోదావరి జిల్లాకు చెందిన అతడు అక్కడ పరిశోధక విద్యార్థి. మమ్మల్ని "బాబాయిగారూ, పిన్నిగారూ" అని పిలుస్తూ మొదటిరోజే మనసుకు దగ్గరైనాడు. పేరు వ్రాయవద్దన్నాడు కనుక వ్రాయడం లేదు. ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర మట్టి ముంతలలో పొగలు కక్కే టీ మా చేతికి అందించి, తాను మాత్రం నిమ్మరసం తీసుకున్నాడు. ఒంట్లో బాగులేదా అని మా ఆవిడ అడిగింది. "లేదండీ, మా సంఘంలో టీ, కాఫీ తాగరు" అన్నాడు. ఆ మాట మీదుగా అతని కథ బయటికి వచ్చింది. అతడు మోర్మన్ సంఘానికి చెందినవాడు. పరిశోధనకు రాకముందు, ఇరవై ఏళ్ల ప్రాయంలో, రెండు సంవత్సరాలు ఆ సంఘం తరఫున ఉత్తరాదిలో మిషనరీగా పనిచేసి వచ్చాడు.

మోర్మన్లు అనే పేరు మన పాఠకులలో చాలామందికి కొత్త కావచ్చు. 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఆరంభమై, పిమ్మట యూటా రాష్ట్రంలోని సాల్ట్‌లేక్ నగరాన్ని కేంద్రంగా చేసుకొన్న క్రైస్తవ సంఘం వారిది. ఆ సంఘంలో యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు జీతం లేకుండా, పంపిన చోటికి పోయి సేవ చేసే ఆచారం ఉంది. 2012 నుండి అబ్బాయిలు 18 ఏళ్లకే వెళ్లవచ్చు. ఎక్కడికి పోవాలో వారు కోరుకోరు. పిలుపు వచ్చిన చోటికి పోవలసిందే. తెలుగునాట ఈ సంఘానికి పాదు వేసినవారు ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు. సమోవా దీవులలో కీటకశాస్త్రజ్ఞుడుగా పనిచేస్తున్న కాలంలో ఆ సంఘంలో చేరిన ధర్మరాజుగారు, 1978 డిసెంబరులో భార్యతో కలిసి హైదరాబాదు వచ్చి ముందుగా తమ బంధువర్గానికే ఆ మాట చెప్పారు. 1993లో బెంగుళూరు కేంద్రంగా, 2007లో ఢిల్లీ కేంద్రంగా మిషనులు ఏర్పడ్డాయి. 2012లో హైదరాబాదులో ఏర్పడిన స్టేకు - అనగా అనేక స్థానిక సంఘాల సముదాయం - మన దేశంలో మొదటిది. మత విశ్వాసాల తర్కం ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. మాకు ఆసక్తి కలిగించినది ఇల్లు వదలిన ఒక కుర్రవాడి దినచర్య.

ఉదయం ఆరున్నరకు లేవాలి. అరగంట వ్యాయామం. స్నానం, ఫలాహారం ముగించి ఎనిమిది గంటలకు పుస్తకం ముందు కూర్చోవాలి. ఒక గంట స్వయంగా చదువు, ఒక గంట సహచరుడితో కలిసి చదువు, ఆపైన భాషాభ్యాసం. పది, పదకొండు గంటల వేళకు తెల్లచొక్కా, టై, ఛాతీ మీద నల్లని పేరు పలకతో బయటికి అడుగు పెట్టాలి. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకు గదికి చేరి, మరునాటి పని వ్రాసుకొని, పదిన్నరకు దీపం ఆర్పాలి. సినిమాలు లేవు. ప్రేమ వ్యవహారాలు లేవు. ఎప్పుడూ ఇద్దరుగానే తిరగాలి. సహచరుడు కనుచూపు మేరలో ఉండవలసిందే. కొన్ని వారాలకోసారి బదిలీల జాబితా వస్తుంది. నిన్నటిదాకా ఒకే వంటగదిలో ఉన్నవాడు రేపటికి మరో నగరంలో ఉంటాడు.

"గొప్ప గొప్ప కష్టాలు ఏమీ లేవు పిన్నిగారూ, అన్నీ చిన్నవే" అన్నాడు ఆ అబ్బాయి. అతని మొదటి సహచరుడు ఈశాన్య రాష్ట్రాలవాడు. ఇతనికి హిందీ అంతంతమాత్రం, అతనికి తెలుగు సున్న. ఇద్దరికీ ఉమ్మడి భాష తడబడే ఇంగ్లీషు. ఒకరి వంట ఒకరికి నోటికి పట్టేది కాదు. ఆవకాయ వేసుకొంటే అతడు కిటికీ తెరిచేవాడట. అతడు ఎండుచేపల వేపుడు చేస్తే ఇతడు తలుపు తెరిచేవాడట. పిలవని ఇంటికి పోయేవారు కాదు. ఎవరో ఒకరు పరిచయం చేసిన ఇళ్లకే వెళ్లేవారు. "రమ్మన్నవారు కూడా సగంసార్లు ఇంట్లో ఉండేవారు కాదు. రెండు బస్సులు మారి వెళ్లి, తాళం చూసి తిరిగి వచ్చేవాళ్లం. ఎండలో టైతో అలా తిరిగి వస్తుంటే ఇంటి దగ్గర ఇప్పుడు ఏం చేస్తుంటారా అనిపించేది" అన్నాడు.

వారానికి ఒకరోజు తెరపి. ఆనాడు బట్టలు ఉతుక్కోవడం, గది కడుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి ఉత్తరం వ్రాసుకోవడం. అతని కాలానికి ఉత్తరం ఈ-మెయిలుగా మారింది గాని ఫోను మాత్రం లేదు. సంవత్సరానికి రెండే రెండుసార్లు - క్రిస్మసుకు ఒకసారి, మాతృదినోత్సవానికి ఒకసారి - ఇంటికి ఫోను చేసుకోవచ్చు. ఈ మాట వినగానే మా ఆవిడ చేతిలోని ముంత పక్కన పెట్టేసింది. ఆమె ఆ ఉదయమే అబ్బాయికి మూడుసార్లు ఫోను చేసింది. వాడు ఉన్నది అక్కడికి అర కిలోమీటరు దూరంలోనే.

ఇంతకంటే కఠినమైన దూరాలు చూసినవారు ఆ సంఘంలో పూర్వం ఉన్నారని అతడే చెప్పాడు. 1852లో సాల్ట్‌లేక్ నగరంలో జరిగిన ఒక సభలో కొందరిని పిలిచి, హిందూస్థానానికి వెళ్లండి అన్నారు. వారు బండ్ల మీద, గుర్రాల మీద ఎడారులు దాటి పసిఫిక్ తీరం చేరి, 1853 జనవరి చివర శాన్‌ఫ్రాన్సిస్కోలో 'మాన్‌సూన్' అనే ఓడ ఎక్కి ఏప్రిల్ చివరకు కలకత్తాలో దిగారు. భార్యాపిల్లలను వదిలివచ్చినవారు వారిలో ఉన్నారు. వారిలో రిచర్డ్ బాలంటైన్, రాబర్ట్ స్కెల్టన్ ప్రభృతులు మన మద్రాసుకు కూడా వెళ్లారు. ఇంటి నుండి జాబు రావడానికి నెలలు పట్టే రోజులవి. ఫలితం స్వల్పం, 1856 నాటికి దాదాపు అందరూ తిరిగి వెళ్లిపోయారు. పాత హిజ్లీ అనేది నిజానికి హుగ్లీ నది సముద్రంలో కలిసే చోటి తీరప్రాంతం పేరు. కలకత్తాకు పోయే ప్రతి ఓడా ఆ నదీముఖం నుండే లోనికి రావాలి. ఆ విధంగా మాన్‌సూన్ ఓడలోనివారికి మొదట కనబడిన నేల ఈ పేరుగల సీమదే అయివుండాలి.

మరునాడు అతడు మమ్మల్ని హిజ్లీ జైలుకు తీసుకువెళ్లాడు. ఎత్తైన బురుజుతో ఉన్న ఆ పెద్ద భవనాన్ని ఇప్పుడు హిజ్లీ షహీద్ భవన్ అంటారు. నెహ్రూ విజ్ఞాన, సాంకేతిక మ్యూజియం అందులోనే ఉంది. 1930లో బ్రిటిషు ప్రభుత్వం దీనిని నిర్బంధ శిబిరంగా మార్చింది. విచారణ లేకుండా, శిక్ష విధించకుండా పట్టి తెచ్చిన బెంగాలీ యువకులతో ఇది నిండిపోయింది. మహిళా ఖైదీలను కూడా హిజ్లీలో వేరుగా నిర్బంధించారు. 1931 సెప్టెంబరు 16 రాత్రి కాపలా సిపాయిలు నిరాయుధులైన నిర్బంధితుల మీద తుపాకులు పేల్చారు. సంతోష్‌కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు యువకులు నేలకొరిగారు. వారి భౌతికకాయాల కోసం సుభాష్ చంద్రబోసు హిజ్లీకి వచ్చారు. వృద్ధాప్యంలో, అనారోగ్యంలో ఉన్న రవీంద్రనాథ్ ఠాగూరు కలకత్తాలో బహిరంగ సభకు వచ్చి నిరసన తెలిపారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1944లో, అమెరికా వైమానిక దళపు 20వ బాంబర్ కమాండు ప్రధాన స్థానం ఇక్కడికి వచ్చింది. యూటా, టెక్సాసు వంటి దూరదేశాల కుర్రవాళ్లు బి-29 విమానాలతో ఈ ఎర్రమట్టి మీద దిగి, ఉత్తరాల కోసం ఎదురుచూశారు. 1951 ఆగస్టు 18న మౌలానా ఆజాద్ ఇదే ఆవరణలో దేశంలోని మొదటి ఐ.ఐ.టి.ని ప్రారంభించారు. నిర్బంధితులు ఉన్న గదులలో విద్యార్థులు పాఠాలు విన్నారు.

ఆ గదుల ముందు నిలబడినప్పుడు మా గైడు అన్న మాట మేము మరువలేకుండా ఉన్నాము. "బాబాయిగారూ, నాకు నేను ఇంటికి పోయే తేదీ తెలుసు. మొదటిరోజునే లెక్క పెట్టుకున్నాను. వీళ్లకు ఆ తేదీ తెలియదు. అయినా వీళ్లు చదువుకున్నారు, వాదించుకున్నారు, బతికారు. వీళ్లతో నన్ను పోల్చుకోను. నేను కోరి వెళ్లాను, వీళ్లను లాక్కొచ్చారు. కానీ ఇక్కడికి వచ్చినప్పుడల్లా నా ఫిర్యాదులు చిన్నవైపోతాయి."

ఆ సాయంత్రమే అతడు అంతవరకు చెప్పని ఒక విషయం చెప్పాడు. సేవలో పదిహేనో నెలలో అతని తాతగారు కాలం చేశారు. చిన్నతనంలో భుజాల మీద ఎక్కించుకొని గోదావరి గట్టున తిప్పిన తాత. వార్త చేరవేసి, ఇంటివారితో మాట్లాడమని పెద్దలు ఫోను చేతికి ఇచ్చారు. నాయనమ్మ మాట్లాడింది. "రావద్దు నాయనా. వచ్చినా ఆయన లేరు. మొదలుపెట్టింది పూర్తిచేసి రా" అన్నది. అతడు వెళ్లలేదు. మరునాడు ఆరున్నరకు లేచాడు. సహచరుడు ఏమీ మాట్లాడకుండా, ఎప్పుడూ ముట్టని ఆవకాయ జాడీ తీసి తన కంచంలో కూడా ఇంత వేసుకొని, పక్కన కూర్చొని తిన్నాడట. "వెళ్లకపోవడం మంచిదేనా?" అని మేము అడిగాము. "తెలియదండీ. ఇప్పటికీ తెలియదు. కొన్ని రాత్రులు వెళ్లి ఉండవలసింది అనిపిస్తుంది. కానీ ఆ ఉదయం లేవడానికి నాకొక గంట, కూర్చోవడానికి ఒక మనిషి ఉండబట్టి నిలబడ్డాను" అన్నాడు.

ఈ మాటలో హిజ్లీ అంతా ఉందని మాకు తోచింది. ఇల్లు విడిచినవాడిని నిలబెట్టేవి రెండు: ఒక నియమం, ఒక తోడు. రైల్వే కార్మికుడికి షిఫ్టు గంట, పక్క క్వార్టరులోని తన ఊరివాడు. జైలులోని యువకుడికి చదువు, పక్క గదిలోని సాటి ఖైదీ. మిషనరీ కుర్రవాడికి ఆరున్నర గంట, తెరిచిన కిటికీ దగ్గరి సహచరుడు. ఇవి రెండూ కుదిరేవరకు ఇంటి మీద బెంగ తగ్గదు. ఇవి కుదరడానికి కొంత ఎడం కావాలి. పిల్లవాడి రోజు వాడిది కావాలంటే, ఆ రోజులో ప్రతి గంటకూ మనం చొరబడరాదు.

అలాగని మౌనమే మందు అని మేము అనడం లేదు. ఆ సంఘమే 2019 ఫిబ్రవరి నుండి నియమం మార్చి, వారానికి ఒకసారి ఇంటివారితో మాట్లాడుకోవచ్చునని అనుమతించింది. ఏడాదికి రెండు ఫోనులు మరీ తక్కువని వారూ గ్రహించారన్నమాట. "మీ అమ్మగారు ఉత్తరాలలో ఏం వ్రాసేవారు బాబూ?" అని మా ఆవిడ అడిగింది. "ఏడ్చినట్టు ఒక్క ఉత్తరంలోనూ లేదు పిన్నిగారూ. గేదె ఈనింది, సన్నజాజి పందిరి గాలికి పడిపోయింది, చెల్లెలికి లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయి - ఇవే. ఆ ఉత్తరం చదువుకుంటే ఇల్లు ఉన్నచోట ఉన్నదని ధైర్యంగా ఉండేది. అమ్మ ఏడ్చిందని తిరిగి వెళ్లాక చెల్లెలు చెప్పింది" అన్నాడు.

ఆ రాత్రి బసలో మా ఇద్దరికీ పెద్ద చర్చే జరిగింది. అబ్బాయి అప్పటికే రెండుసార్లు, "ఇక్కడ ఉండలేను, విశాఖలోనే ఏదో ఒక కాలేజీలో చేరతాను" అని ఉన్నాడు. తీసుకుపోదామా అన్న ఆలోచన మా ఆవిడకు లేకపోలేదు. నిజం చెప్పాలంటే ఇద్దరికీ ఉంది. చివరకు వాడినే కూర్చోబెట్టి అడిగాము. మొదటి సెమిస్టరు పూర్తిచేసి చూడు, అప్పటికీ వద్దనుకుంటే నీ మాటే మా మాట అన్నాము. తేదీ తెలిసిన ఎడబాటు వేరు, తెలియని ఎడబాటు వేరు అని జైలు గదుల ముందు విన్నాము కదా. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు ఫోను. మిగిలిన రోజుల్లో అవసరమైతే తప్ప లేదు. వాడు ఒప్పుకున్నాడు. మా ఆవిడ కూడా ఒప్పుకుంది. కాని ఊరగాయ పార్సిలుకు ఈ నియమం వర్తించదని షరతు పెట్టింది.

మొదటి ఆదివారం వాడు ముక్తసరిగా మాట్లాడాడు. మూడవ ఆదివారం తన గదిలో ఉండే బెంగాలీ అబ్బాయి ఆవాలు నూరి చేసిన చేపల కూర గురించి పది నిమిషాలు చెప్పాడు. సెమిస్టరు ఇంకా ముగియలేదు. వాడి నిర్ణయం ఏమవుతుందో ఈ సంచిక మీ చేతికి వచ్చేనాటికి తెలుస్తుందేమో. ఏదైనా అది వాడి నిర్ణయమే కావాలి.

కలకత్తా వైపు ప్రయాణించే మిత్రులు వీలైతే ఒకరోజు ఖరగ్‌పూర్‌లో దిగండి. స్టేషను నుండి ఐ.ఐ.టి. నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే, ఆటోలు దొరుకుతాయి. షహీద్ భవన్ తప్పక చూడండి. గోల్‌బజారులో తెలుగులోనే బేరమాడవచ్చు. దూరాన చదువుకుంటున్న పిల్లలు ఉన్నవారైతే, ఆ జైలు వసారాలో కాసేపు కూర్చొని రండి.